రబ్బరు పాల నిలకడ, మూసపై తడి: తోట నుంచి తొడుగు దాకా

రబ్బరును మనం ఒక పంటగా బోధిస్తాము. నాటే దూరం, అంటుమొక్కల ఎంపిక, ఎరువుల మోతాదు, చెట్టు గీసే పద్ధతి, ఆకుతెగుళ్లు, ఇంతవరకు వ్యవసాయ శాస్త్రం. చిప్పలో పడిన పాలు ఇక పరిశ్రమకు సంబంధించినవని భావించి పాఠం అక్కడితో ముగిస్తాము. ఈ విభజన మన సౌకర్యం కోసం చేసుకున్నదే గాని పాల స్వభావంలో లేదు. నేలలోని మెగ్నీషియం, గీత కార్మికుని చిప్పలోని మురికి, వేసవిలో ఆలస్యమైన వాహనం, ఇవన్నీ నెల తరువాత ఎక్కడో ఒక చేతితొడుగు వేలికొనలో కనిపించగలవు. అలాగే తొడుగులో కనిపించిన ప్రతి లోపానికీ పాలే కారణమని చెప్పడం కూడా పొరపాటే.

కొన్నేళ్ల కిందట స్నాతకోత్తర విద్యార్థులతో కేరళలోని రబ్బరు తోటలను చూడబోయినప్పుడు, ఒక చిన్న చేతితొడుగుల కర్మాగారంలో సగం రోజు గడిపాము. తొడుగులో ఒక లీటరు నీరు పోసి వేలాడదీసి, ఎక్కడైనా చెమ్మ ఊరుతున్నదా అని చూడటం ఈ పరిశ్రమలో ప్రామాణిక పరీక్ష. ఆ వారం అక్కడ తొడుగులు ఆ పరీక్షకు నిలవడం లేదు. యజమాని నిర్ణయం అప్పటికే జరిగిపోయింది. పాలు బాగాలేవని మిగిలిన పీపాలను సెంట్రిఫ్యూజ్ కేంద్రానికి తిప్పి పంపాడు. ఆ కేంద్రం తన వంతుగా పాలు పోసిన చిన్న రైతుల సంఘానికి ధర కోసింది. ఈలోగా కర్మాగారంలో పాలకు నిలకడ చాలదని సబ్బు కలిపారు. నురుగు వచ్చింది. నురుగు అణచడానికి మరొక మందు కలిపారు. తొడుగుల మీద గుంటలు పడ్డాయి. మేము వెళ్లేసరికి ఏ లోపం మొదటిదో, ఏది చికిత్స వల్ల పుట్టిందో చెప్పగలిగినవారు అక్కడ లేరు.

నిలకడ లోపించడం, తడి పట్టకపోవడం అనేవి రెండు వేర్వేరు సమస్యలు. రెండింటికీ వాడే పదార్థాలు మాత్రం దాదాపు ఒకే కుటుంబానికి చెందినవి. చిక్కంతా అక్కడే ఉన్నది.

పాల నిర్మాణం

హీవియా బ్రెజీలియెన్సిస్ చెట్టు నుంచి వచ్చే తాజా పాలలో రబ్బరు 30 నుంచి 40 శాతం ఉంటుంది. మిగిలినది ప్రధానంగా నీరు. అందులో ప్రోటీన్లు, కొవ్వు పదార్థాలు, చక్కెరలు, ఖనిజ లవణాలు కొద్దికొద్దిగా ఉంటాయి. రబ్బరు రేణువుల వ్యాసం 0.05 నుంచి 3 మైక్రాన్ల వరకు ఉంటుంది. ప్రతి రేణువు చుట్టూ ప్రోటీన్లు, ఫాస్ఫోలిపిడ్లతో ఏర్పడిన పలుచని పొర ఉంటుంది. తాజా పాల ఉదజని సూచిక 6.5 నుంచి 7.0 మధ్య ఉన్నప్పుడు ఈ పొర రుణావేశాన్ని మోస్తుంది. ఒకే ఆవేశం గల రేణువులు ఒకదానినొకటి నెట్టుకుంటూ విడివిడిగా తేలుతుంటాయి. నిలకడ అంటే ఇదే. ఆవేశం తగ్గినా, పొర చెదిరినా, రేణువుల మధ్య నీటి దడి పలచబడినా అవి కలిసిపోతాయి. పులుపు తగిలిన ఆవుపాలు విరిగినట్లే రబ్బరు పాలూ విరుగుతాయి. మన భాషలో రెండింటినీ పాలనే పిలవడం బోధనకు బాగా కలిసివచ్చింది.

రబ్బరు రేణువులతోపాటు ఈ పాలలో లూటాయిడ్లు అనే పలుచని సంచులు కూడా ఉంటాయి. వీటిలోని ద్రవం ఆమ్లగుణం కలది. మెగ్నీషియం, కాల్షియం అయాన్లు, ధనావేశం గల ప్రోటీన్లు వీటిలో దాగి ఉంటాయి. బెరడు గీసినప్పుడు కలిగే ఒత్తిడికి కొన్ని లూటాయిడ్లు పగిలి, వాటి సారం రుణావేశపు రబ్బరు రేణువులను ముద్దగా కడుతుంది. గాయం దగ్గర పాలనాళాలు అలా మూసుకుపోతాయి. చెట్టు దృష్టిలో ఇది రక్షణ. ధార ఎక్కువసేపు సాగడానికి వాడే ఎథెఫాన్ ఈ మూతను ఆలస్యం చేస్తుంది. కనుక పాలు విరగడం అనేది కర్మాగారంలో పుట్టిన వ్యాధి కాదు. అది చెట్టు తన అవసరానికి సిద్ధం చేసుకున్న గుణం. దానిని కొన్ని వారాలపాటు వాయిదా వేసి, మూస మీద మాత్రం మనం కోరిన క్షణంలో జరిగేలా చూడటమే ఈ పరిశ్రమ చేసే పని.

తోటలో మొదలయ్యే లోపాలు

తెల్లవారుజామున పాలనాళాలలో ఒత్తిడి ఎక్కువగా ఉంటుంది గనుక గీత పని అప్పుడే జరుగుతుంది. చెట్టులో ఉన్నంతవరకు పాలలో సూక్ష్మజీవులు దాదాపు ఉండవు. గీత కత్తి, బెరడు మీది ధూళి, పాలు జారే రేకు, చిప్ప, బకెట్టు, వీటి ద్వారా అవి చేరతాయి. పాలలోని చక్కెరలను, ఇతర పదార్థాలను తిని ఎసిటిక్, ఫార్మిక్, ప్రొపియోనిక్ ఆమ్లాలను తయారు చేస్తాయి. వీటిని కలిపి ఆవిరయ్యే కొవ్వు ఆమ్లాలు అంటారు. ఉదజని సూచిక పడిపోతుంది, రేణువుల ఆవేశం తగ్గుతుంది, కొన్ని గంటలలోనే పాలు గడ్డకడతాయి. నిన్నటి గడ్డ అంటుకుని ఉన్న కొబ్బరి చిప్పలోకి నేటి పాలు పడితే, పెరుగు తోడు వేసిన గిన్నెలో పాలు పోసినట్లే.

ఇక్కడ విస్తరణ కార్యకర్తలు రైతులకు తప్పక చెప్పవలసిన విషయం ఒకటి ఉన్నది. అమ్మోనియా కలిపితే పాలు క్షారగుణం పొందుతాయి, సూక్ష్మజీవుల పెరుగుదల ఆగుతుంది. అప్పటికే తయారైన ఆమ్లాలు మాత్రం ఎక్కడికీ పోవు. అవి అమ్మోనియం లవణాలుగా మారి పాలలోనే ఉండిపోతాయి. ఆ లవణాల అయాన్లు రేణువుల చుట్టూ ఉన్న ఆవేశ వలయాన్ని కుదించి నిలకడను శాశ్వతంగా తగ్గిస్తాయి. పది గంటలకు కలపవలసిన అమ్మోనియాను మధ్యాహ్నం రెండు గంటలకు రెట్టింపు మోతాదులో కలిపినా పోయిన నిలకడ తిరిగి రాదు. పాలను కొనేవారు ఆవిరయ్యే కొవ్వు ఆమ్లాల సంఖ్యను అడగడం ఈ కారణం చేతనే. ఆ సంఖ్య పాలు తోట నుంచి ఎంత శుభ్రంగా, ఎంత త్వరగా వచ్చాయో చెప్పే చిట్టా వంటిది.

రెండవది మెగ్నీషియం. రెండు ధనావేశాలు గల ఈ అయాను రేణువుల ఆవేశాన్ని అణచడమే కాక, నిలకడనిచ్చే కొవ్వు ఆమ్లాల సబ్బులతో కలిసి వాటిని కరగని రూపంలోకి మారుస్తుంది. పాలలో సహజంగా ఉన్న ఫాస్ఫేటుతో పోలిస్తే మెగ్నీషియం ఎక్కువగా ఉన్న చెట్ల పాలు గీత మీదనే గడ్డకట్టే స్వభావం చూపుతాయి. మెగ్నీషియం అధికంగా ఉన్న నేలలు, పొటాష్ లోపం, ఆకురాలి కొత్త చిగురు వచ్చే కాలం, ఇవి ఈ నిష్పత్తిని మారుస్తాయి. తగినంత పొటాష్ వేస్తే చెట్టు మెగ్నీషియాన్ని తీసుకోవడం తగ్గుతుంది. భూసార పరీక్ష చేయకుండా అలవాటుగా మెగ్నీషియం సల్ఫేట్ వేసే తోటలలో ఎరువు ఖర్చుతోపాటు పాల నాణ్యత కూడా పోతుంది. పోషక యాజమాన్యం చదివే విద్యార్థికి దిగుబడి కాకుండా మరొక ఫలితాన్ని చూపడానికి ఇంతకన్న మంచి ఉదాహరణ నాకు తెలియదు.

సేకరణ కేంద్రంలో దీనికి చేసే చికిత్స మనకు సుపరిచితమైన పదార్థంతోనే. అమ్మోనియా కలిపిన పాలలో డైఅమ్మోనియం ఫాస్ఫేట్ ద్రావణం కలుపుతారు. మెగ్నీషియం, అమ్మోనియం, ఫాస్ఫేటు కలిసి కరగని స్ఫటికాలుగా అడుగుకు చేరతాయి. రాత్రంతా కదపకుండా ఉంచి ఆ మడ్డిని వేరు చేస్తారు. మన రైతుకు డి.ఎ.పి. పొలంలో వేసే ఎరువు, అక్కడ అదే పాలశుద్ధి మందు. అయితే పాలలోని మెగ్నీషియాన్ని కొలిచి, దానికి సరిపడేంత మాత్రమే కలపాలి. మిగిలిపోయిన ఫాస్ఫేటు తానే ఒక లవణభారమవుతుంది.

చిక్కబరచిన పాలు, కవ్వపు పరీక్ష

శుద్ధి చేసిన పాలను నిమిషానికి సుమారు 7,000 చుట్లు తిరిగే సెంట్రిఫ్యూజ్ యంత్రంలో తిప్పి రబ్బరును 60 శాతానికి చిక్కబరుస్తారు. నీటిలో కరిగిన లవణాలలో చాలా భాగం పలుచని పాలతో వెళ్లిపోతుంది గనుక ఇది ఒక విధంగా కడుగుడు కూడా. నిల్వకు అమ్మోనియాను 0.6 శాతానికి తగ్గకుండా ఉంచిన రకం ఒకటి. అమ్మోనియాను 0.29 శాతానికి మించనీయక, జింక్ ఆక్సైడ్, టి.ఎం.టి.డి. వంటి సహాయక రక్షకాలను కలిపిన రకం మరొకటి.

వీటి నిలకడను కొలిచే ప్రామాణిక పద్ధతి పేరు యాంత్రిక నిలకడ కాలం. ఘనపదార్థాన్ని 55 శాతానికి సరిచేసిన 80 గ్రాముల పాలను 35 డిగ్రీల సెల్సియస్ వద్ద నిమిషానికి 14,000 చుట్లతో చిలికి, వెన్నపూసలా పలుకులు కనబడేదాకా ఎన్ని సెకన్లు పట్టిందో లెక్కిస్తారు. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ఇది 650 సెకన్లకు తగ్గకూడదు. సెంట్రిఫ్యూజ్ నుంచి అప్పుడే వచ్చిన పాలు తరచుగా ఈ గీటుకు చేరవు. నిల్వలో రెండు మూడు వారాలు గడిచేసరికి అమ్మోనియా ప్రభావంతో ఫాస్ఫోలిపిడ్లు విడిపోయి పెద్ద కొవ్వు ఆమ్లాల సబ్బులు ఏర్పడతాయి. అవి రేణువులపై చేరి నిలకడను పెంచుతాయి. తొందరపడేవారు అమ్మోనియం లారేట్‌ను 0.02 నుంచి 0.05 శాతం వరకు కలిపి ఒక్కరోజులో సెకన్లు పెంచుకుంటారు. కాగితం మీద రెండు పాలూ ఒకటే. ఒకటి తన సొంత సబ్బుతో నిలబడింది, మరొకటి అరువు సబ్బుతో. కొన్న కర్మాగారానికి ఆ సంగతి తెలియకపోతే, తాను కలిపే సబ్బుతో మొత్తం ఎంతవుతుందో లెక్క తప్పుతుంది.

యాంత్రిక నిలకడ కాలం చిలకడానికి తట్టుకునే శక్తిని మాత్రమే చెబుతుంది. రసాయనాలకు తట్టుకునే శక్తి వేరు. 1,000 సెకన్లు దాటిన పాలు కూడా జింక్ ఆక్సైడ్ కలిపిన మరునాడు చిక్కబడవచ్చు.

మిశ్రమంలో జరిగేది

పాలను వస్తువుగా మార్చడానికి గంధకం, జింక్ ఆక్సైడ్, వేగకారులు, ఆక్సీకరణ నిరోధకాలు కలపాలి. ఇవి నీటిలో కరగని పొడులు. వీటిని పొడిగా పాలలో వేస్తే ప్రతి రేణువూ చుట్టూ ఉన్న సబ్బును, నీటిని పీల్చుకుని అక్కడికక్కడ గడ్డలు పుట్టిస్తుంది. అందుచేత బాల్ మిల్లులో ఒకటి నుంచి మూడు రోజుల వరకు నీటితో, చెదరగొట్టే మందుతో నూరి, సగం నీరు సగం పొడిగా ఉండే ముద్దను తయారు చేస్తారు. సరిగా నలగని గంధకపు రేణువు పలుచని పొరలో ఒక రంధ్రంగా మారుతుంది. ఆ తొడుగును చూసినవారు పాలనే నిందిస్తారు.

ఈ ముద్దలకు వాడే నీరు మెత్తటిదై ఉండాలి. బోరుబావి నీటిలోని కాల్షియం, మెగ్నీషియం అయాన్లు పాలకు శత్రువులు. ఉప్పు నీటిలో కలుపుమందు కలిపితే పనిచేయలేదని మన రైతులు చెప్పేదానికీ దీనికీ దగ్గర బంధుత్వం ఉన్నది. తోటలో అంత శ్రమపడి తీసివేసిన మెగ్నీషియాన్ని కర్మాగారం గొట్టపు నీటితో తిరిగి కలుపుకోవడం వింతగా తోచవచ్చు గాని, చిన్న యూనిట్లలో ఇది అరుదైన తప్పు కాదు.

జింక్ ఆక్సైడ్ విషయం కొంత వివరంగా చూడాలి. అమ్మోనియా, అమ్మోనియం లవణాల సమక్షంలో అది మెల్లగా కరిగి జింక్ అమ్మీన్ అయాన్లుగా మారుతుంది. ఇవి కొవ్వు ఆమ్లాల సబ్బును కరగని జింక్ సబ్బుగా మార్చి రేణువుల మీద నుంచి తొలగిస్తాయి. మిశ్రమం గంట గంటకూ చిక్కబడుతుంది. వేడి పెరిగితే ఈ చర్య త్వరపడుతుంది గనుకనే ఏప్రిల్, మే నెలలలో ఫిర్యాదులు ఎక్కువ. అమ్మోనియం లవణాలు ఎక్కువగా ఉన్న పాలు, అంటే తోటలో ఆలస్యమై ఆమ్లాలు పెరిగిన పాలు, ఇక్కడ ముందుగా దెబ్బతింటాయి. నివారణగా మొదట పొటాషియం హైడ్రాక్సైడ్, పొటాషియం లారేట్ ద్రావణాలను పలుచగా, నెమ్మదిగా కలిపి, ఆ తరువాతనే ముద్దలను కలపాలి. జింక్ ఆక్సైడ్‌ను చివరకు ఉంచడం చాలా చోట్ల ఉన్న ఆచారం. తొట్టిని చల్లగా, మూతతో ఉంచాలి. మూత లేని తొట్టిలో అమ్మోనియా ఎగిరిపోయి పైన మీగడ కడుతుంది. ఆ మీగడ తునక మూసకు అంటుకుంటే అది మరొక రకం లోపం.

మూసపై తడి

ఘనతలం మీద ద్రవబిందువు విస్తరించడాన్ని స్పర్శకోణంతో వర్ణించే సూత్రాన్ని థామస్ యంగ్ 1805లో ప్రతిపాదించాడు. మన విద్యార్థులకు దీనిని తామరాకుతో మొదలుపెట్టి చెప్పడం తేలిక. తామరాకుపై నీటి స్పర్శకోణం 150 డిగ్రీలు దాటుతుంది, బిందువు ముత్యంలా దొర్లిపోతుంది. ఉల్లి, వరి ఆకుల మీద మందు నిలవదని జిగురు మందు కలపమని మనం సిఫారసు చేసేది ఈ కోణాన్ని తగ్గించడానికే. తొడుగుల కర్మాగారంలో ఆకు స్థానంలో పింగాణీ చేయి ఉంటుంది.

నీటి తలతన్యత 25 డిగ్రీల వద్ద మీటరుకు 72 మిల్లీన్యూటన్లు. చిక్కబరచిన రబ్బరు పాలకు అది సుమారు 40, ఎందుకంటే పాలలోని ప్రోటీన్లు, సబ్బులు ముందే ఆ పని చేసి ఉంటాయి. శుభ్రమైన గాజు, పింగాణీ తలాల శక్తి దీనికన్న చాలా ఎక్కువ గనుక పాలు వాటిని సులభంగా తడుపుతాయి. మైనం, సిలికోన్ నూనె వంటి పూత ఉన్న తలానికి ఆ విలువ 20, 30 మధ్యకు పడిపోతుంది. 40 ఉన్న ద్రవం 25 ఉన్న తలంపై పరచుకోదు, ముడుచుకుంటుంది. అందుచేత తడి పట్టలేదన్నప్పుడు అడగవలసిన మొదటి ప్రశ్న ద్రవంలో ఏమి కలపాలన్నది కాదు, మూస మీద ఏమున్నదన్నది. కడిగిన మూసను నీటిలో ముంచి పైకి తీసి చూడాలి. నీటిపొర అర నిమిషం పాటు తెగకుండా నిలిస్తే మూస శుభ్రంగా ఉన్నట్లు. ఎక్కడ పొర చీలి బిందువులైతే అక్కడ జిడ్డు ఉన్నట్లు. ఈ పరీక్షకు పరికరం అక్కరలేదు, ఖర్చు లేదు. బహుశా అందుకే దీనిని చేసేవారు తక్కువ.

చేతితొడుగులలో మూస నేరుగా పాలలో మునగదు. వేడి మూసను ముందు కాల్షియం నైట్రేట్ ద్రావణంలో ముంచి, ఆరబెట్టి, తరువాత పాలలో ముంచుతారు. కాల్షియం అయాన్లు లోపలి నుంచి బయటకు వ్యాపిస్తూ పాలను మూస మీదనే గడ్డకట్టిస్తాయి. ఇక్కడ మనకు అస్థిరత్వమే కావాలి. పొర మందం కాల్షియం గాఢతను, మునిగి ఉన్న సమయాన్ని బట్టి ఉంటుంది. మూస మీద కాల్షియం ద్రావణం సమానంగా పరచుకోకపోతే పలుచటి చోట పొర పలుచన, లేనిచోట రంధ్రం. దీనికి విరుద్ధంగా కండోముల తయారీలో గాజు మూసను గడ్డకట్టించే లవణం లేకుండా నేరుగా పాలలో రెండుసార్లు ముంచి ఆరబెడతారు. అక్కడ తడిపే భారమంతా పాల మీదనే ఉంటుంది. మన దేశంలో ఆ అవసరం కోసమే హిందుస్థాన్ లేటెక్స్ 1966లో ఏర్పడింది.

కాల్షియం ద్రావణంలో కలిపే తడుపు మందును ఎంచడంలో ఒక నియమం ఉన్నది. పాలకు నిలకడనిచ్చే లారేట్ వంటి కొవ్వు ఆమ్లపు సబ్బులు ఇక్కడ పనికిరావు. చవుడు నీటిలో బట్టల సబ్బు నురగ రాక తెల్లటి మడ్డిగా విరిగినట్లు, కాల్షియం తగలగానే అవి కరగని కాల్షియం సబ్బుగా మారతాయి. కాల్షియం సబ్బు మైనం లాంటిది, అది నీటిని తోసివేస్తుంది. ఆవేశం లేని ఇథాక్సిలేటెడ్ రకాలకు ఈ బాధ లేదు. అయితే వాటికి మబ్బు ఉష్ణోగ్రత అనే హద్దు ఉంటుంది. అది దాటితే మందు నీటి నుంచి విడిపోయి ద్రావణం మసకబారుతుంది. కాల్షియం తొట్టి 50, 60 డిగ్రీల వద్ద నడిచేచోట 45 డిగ్రీలకే మసకబారే మందు కొనడం డబ్బు దండగ.

ఎక్కువైతే కలిగే చెరుపు

తడుపు మందు గాని, నిలకడ మందు గాని పాలలో ఎక్కువైతే నాలుగు చెరుపులు. పాలు మూస మీద గడ్డకట్టడానికి మొరాయిస్తాయి. తడి పొర బలహీనమై వేళ్ల సందులలో చీలుతుంది. నురుగు బుడగలు పొరలో చిక్కి రంధ్రాలవుతాయి. మిగిలిన మందు ఆరిన పొరలో ఉండి తడి తగిలినప్పుడు ఉబ్బుతుంది. నురుగు అణచడానికి సిలికోన్ మందు మోతాదు మించితే, దాని చుక్క పడిన ప్రతిచోట పాలు వెనక్కి జరిగి చేపకన్ను వంటి గుంట మిగులుతుంది. మొదటి సమస్యను గుర్తించకుండా వేసిన మందే తరువాతి సమస్యకు మూలమవుతుంది.

కనుక లోపం ఎక్కడ ఉన్నది, ఏ ఆకారంలో ఉన్నది అన్నది చూడటం ప్రయోగశాల పరీక్షల కన్న ముందు జరగాలి. ఒకే మూస మీద వచ్చిన తొడుగులన్నింటిలో రంధ్రం ఒకేచోట ఉంటే ఆ మూసనే చూడాలి. పగులో, జిడ్డో కనిపిస్తుంది. అన్ని మూసల మీద చెదురుమదురుగా ఉంటే బుడగలను, నలగని ముద్దను, పాలలోని పలుకులను అనుమానించాలి. గుండ్రటి గుంట, మధ్యలో చుక్క ఉంటే నూనె లేదా సిలికోన్. ఉదయం బాగుండి సాయంత్రానికి చెడితే పాలు చిక్కబడుతున్నాయేమో కొలవాలి. పొర కిందికి జారిన గీతలు, వేలికొనల్లో ముద్ద ఉంటే గడ్డకట్టడం ఆలస్యమవుతున్నట్లు, అంటే సబ్బు ఎక్కువైనట్లు. మడ్డి, గడ్డలు తొట్టి అడుగున చేరుతుంటే అప్పుడు పాల చరిత్ర అడగాలి. ఆవిరయ్యే ఆమ్లాల సంఖ్య, మెగ్నీషియం, యాంత్రిక నిలకడ కాలం, లారేట్ ముందే కలిపారా లేదా. ఈ వరుసలో తోట వంతు చివర వస్తుంది. ఆచరణలో నింద మాత్రం అక్కడి నుంచే మొదలవుతుంది.

తెలుగు ప్రాంతాలకు ఈ విషయం పూర్తిగా పరాయిది కాదు. తూర్పు కనుమలలో మారేడుమిల్లి వైపు రబ్బరు తోటలు ఉన్నాయి. కోనసీమలో కొబ్బరి పీచు ఉన్నది. ఉంగరాలు తిరిగిన పీచు మీద పాల మిశ్రమాన్ని చిమ్మి, ఆరబెట్టి, అదిమి, వేడి చేస్తే పరుపుల్లో వాడే రబ్బరు పీచు వస్తుంది. అక్కడ మూస పింగాణీ కాదు, పీచే. పీచుకు అంటుకున్న పొట్టు పాలలోని నీటిని పీల్చి చిమ్మిన చోటనే ముద్ద కట్టిస్తుంది. ఊరబెట్టిన నీటి లవణాలు మిగిలి ఉంటే పాలు పీచు లోపలికి చేరకముందే విరుగుతాయి. పీచును దులిపి మంచినీటితో కడగడం అక్కడ మొదటి తడుపు మందు.

తిరిగి ఆ కర్మాగారం సంగతి. నా విద్యార్థులలో ఒకరు తొడుగులను మూసల సంఖ్యల ప్రకారం బల్ల మీద పేర్చారు. రంధ్రాలు ఎక్కువగా బొటనవేలి మొదట్లో, అరచేతి అంచున, ఒకే మూసలకు ఒకేచోట ఉన్నాయి. ఆ మూసలను కడిగి నీటిలో ముంచితే పొర సరిగ్గా అక్కడే చీలింది. గోటితో గీస్తే మైనం వంటి తెల్లని పొలుసు వచ్చింది. కాల్షియం తొట్టి దగ్గర విచారిస్తే, తడుపు మందు అయిపోయిన రోజున ఒక కార్మికుడు పాలలో వాడే లారేట్ సబ్బునే అందులో పోశాడని తెలిసింది. ఆ ద్రావణంలో మూస నుంచి తొడుగు సులభంగా ఊడిరావడానికి సుద్దపొడి కలుపుతారు గనుక అది ముందే తెల్లగా ఉంటుంది. విరిగిన సబ్బు ఎవరి కంటా పడలేదు. తొట్టి ఖాళీ చేసి, మూసలను ఆమ్లంతోను ఆ తరువాత క్షారంతోను కడిగించి, ఆవేశం లేని రకం తడుపు మందుతో కొత్త ద్రావణం తయారు చేయమని చెప్పాము. అదనంగా సబ్బు, నురుగు మందు కలిపిన పాలను పక్కన పెట్టి, కలపని పీపా ఒకటి మూలన మిగిలి ఉంటే దానితో ముంచి చూశారు. మరునాడు ఆ మూసల మీది తొడుగులు నీటి పరీక్షకు నిలిచాయని ఫోనులో చెప్పారు. ఆ పీపా తిప్పి పంపిన సరుకులోదే. మిగిలిన పీపాలు అప్పటికి కేంద్రానికి చేరి వారం దాటింది. రైతుల సంఘానికి కోసిన ధర తిరిగి ఇచ్చారా అని మరో రెండుసార్లు అడిగాను. జవాబు రాలేదు.